బరువు తగ్గించే సర్జరీ తర్వాత పరుగు: సమస్య వస్తే ఎక్కడ చూడాలి

బరువు తగ్గడానికి స్లీవ్ (పొట్టలో చాలా భాగం కోసి చిన్నది చేయడం) గానీ, బైపాస్ (పొట్టను చిన్నది చేసి పేగు దారి మళ్లించడం, గుండె బైపాస్ కాదు) గానీ చేయించుకుని పరుగు మొదలుపెట్టినవాళ్లు, ఏ ఇబ్బంది వచ్చినా ముందు కాళ్లనే అనుమానిస్తారు. చాలాసార్లు కారణం తాగే నీళ్లలో, తినే తిండిలో దొరుకుతుంది. నడక ఆసుపత్రిలోనే మొదలవుతుంది గానీ, పరుగుకు సాధారణంగా రెండు మూడు నెలలు ఆగాలి. అప్పుడైనా సర్జన్ సరే అన్నాకే.

సమస్య: కళ్లు తిరగడం, గుండె దడ

ముందు నీళ్ల సంగతి చూడండి. కోనసీమ గాలిలో తేమకి చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. మామూలు మనిషైతే ఇంటికొచ్చి చెంబుడు నీళ్లు గటగటా తాగేస్తాడు. చిన్నదైన మీ పొట్టలో అన్ని నీళ్లు ఒకేసారి పట్టవు. అందుకే ముందురోజు నుంచే గుక్కగుక్కగా తాగుతుండాలి. డాక్టర్ వేరేగా చెప్పకపోతే రోజుకు లీటరున్నర నుంచి రెండు లీటర్లు, భోజనానికి అరగంట ఎడంగా. పొద్దున మూత్రం ముదురు పసుపుగా ఉంటే ఆ పూట పరుగు వద్దు, నడకతో సరిపెట్టండి. మే నెలలో అయితే ఎండ ఎక్కకముందే ఇంటికి చేరాలి.

నీళ్లు సరిగా తాగుతున్నా తగ్గకపోతే బీపీ, షుగర్ మాత్రలు చూడండి. బరువు తగ్గాక పాత డోసు ఎక్కువైపోతుంది. మీ అంతట మీరు మానేయకండి, డాక్టర్‌తో మార్పించుకోండి.

సమస్య: పరుగయ్యాక ఏదో తాగిన అరగంటలో కడుపులో మెలిపెట్టడం, చెమటలు, విరేచనాలు

ఇది డంపింగ్. తీపి ఒక్కసారిగా పేగుల్లోకి దిగితే వస్తుంది, బైపాస్ వాళ్లకు మరీను. చెరుకు రసం, కూల్‌డ్రింకు మానేయండి. రావులపాలెం రోడ్డు పక్కన బొండం కొట్టించుకుంటే, కాయ ఎత్తి ఒక్క పట్టున తాగొద్దు. గ్లాసులో కొంచెం పోయించుకుని చప్పరించండి. అందులోనూ చక్కెర ఉంటుంది.

సమస్య: మోకాళ్లు, ముంగాళ్ల నొప్పి

కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. దానికి తోడు సీసీ రోడ్డు గట్టిదనం. ఏటిగట్టు మీద మట్టి దారి చూసుకుని, నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక, వారానికి మూడు రోజులు చాలు. ప్రొటీన్ రోజుకు 60 నుంచి 80 గ్రాములు అందాలి. ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెబుతాను: మందుల షాపులో "ఒళ్లు నొప్పులకి ఒక మాత్ర ఇవ్వండి" అని అడగొద్దు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి పొట్టలో పుండ్లు పెడతాయి, బైపాస్ అయినవాళ్లకు ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. పారాసిటమాల్ కూడా డాక్టర్ చెప్పిన మోతాదులోనే.

సమస్య: వారాలు గడిచినా ఆయాసం, నీరసం

రక్తపరీక్ష చేయించండి: హిమోగ్లోబిన్, ఐరన్, బీ12, విటమిన్ డి. సర్జన్ రాసిన విటమిన్లు మానేసినవాళ్లలో ఇది మామూలే.

ఛాతీ నొప్పి, ఒక్క పిక్క మాత్రమే వాచి నొప్పెట్టడం, తగ్గని కడుపునొప్పి, ఆగని వాంతులు, స్పృహ తప్పడం, వీటిలో ఏది కనిపించినా ఇంటి వైద్యం వద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి, సర్జరీ కాగితాలు వెంట తీసుకెళ్లండి.