కొండల నడుమ సరస్సు ఒడ్డున భోజనానికి వెళ్లేటప్పుడు

నీళ్లు కనిపించే టేబుల్ కావాలంటే సూర్యాస్తమయానికి గంట ముందు వేళకు బుక్ చేయండి. ఫోన్‌లోనే అడగండి: టేబుల్ ఆరుబయటా, లోపలా? వంటగది ఎన్నింటికి కట్టేస్తారు? సీజన్ కాని రోజుల్లో చాలాచోట్ల పెందలాడే మూసేస్తారు.

ప్రతి 1000 మీటర్ల ఎత్తుకు సుమారు 6.5 డిగ్రీలు చల్లబడుతుంది. పైగా పొద్దు వాలాక కొండగాలి నీటివైపు దిగుతుంది. ఎండలో బయల్దేరినా స్వెటర్ ఉండాల్సిందే.

2000 మీటర్ల దగ్గర నీళ్లు దాదాపు 93 డిగ్రీలకే మరుగుతాయి. అందుకే పప్పులు, గింజలు ఉడకడానికి ఎక్కువసేపు పడుతుంది. ఆకలి మీదుంటే వేయించినవో, నిప్పుల మీద కాల్చినవో చెప్పడం మేలు. చేప ఆ సరస్సుదేనా అని మొహమాటపడకుండా అడగండి. బయటినుంచి ఐస్‌లో వచ్చేదీ ఉంటుంది.

కొండ మలుపుల్లో సిగ్నల్ పోతుంది, కార్డు మెషిన్ కూడా మొరాయించవచ్చు. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకుని, బిల్లుకు సరిపడా నగదు దగ్గర ఉంచుకోండి.