వాణిజ్య భవనం కప్పు: పర్యావరణ అంచనాకు ముందు జాగ్రత్తలు

• పాత కప్పు ఎక్కే ముందే అందులో ఆస్‌బెస్టాస్ ఉందో లేదో తేల్చుకోండి. అనుమానం ఉంటే ముక్క విరవకండి, రంధ్రం వేయకండి. ఆ పొడి ఊపిరితిత్తులకు చేటు.

• తయారీదారు ఇచ్చిన పర్యావరణ ప్రకటన పత్రం (కప్పు సామగ్రి వల్ల పర్యావరణంపై పడే భారాన్ని లెక్కించి చూపేది) ఐఎస్‌ఓ 14025 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఉందా, గడువు మిగిలి ఉందా చూడండి. లెక్క ఎక్కడ ఆగిందన్నది మరీ ముఖ్యం. కొన్ని పత్రాలు ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఆగిపోతాయి. రవాణా, మరమ్మతులు, చివరి తొలగింపు వాటిలో కనిపించవు. అలాంటి దాన్ని పూర్తి జీవితకాలం లెక్కించిన పత్రంతో పోల్చకండి.

• పోలిక చదరపు మీటరుకు, ఒకే కాలానికి జరగాలి. 60 ఏళ్లు నిలిచే భవనంపై 20 ఏళ్లు మన్నే కప్పు పొరను మూడుసార్లు వేయాల్సి వస్తుంది. తక్కువగా కనిపించిన కర్బన భారం (వెలువడే కర్బన వాయువుల లెక్క) అప్పుడు దాదాపు మూడింతలవుతుంది. నేనైతే అన్నిటికంటే ముందు ఈ లెక్కే వేస్తాను.

• తెల్లటి పొర కొత్తలో ఎంత ఎండను వెనక్కి పంపుతుందో కాదు, మూడేళ్లు దుమ్ము పట్టాక ఎంత పంపుతుందో అడగండి.

• ‘రీసైకిల్ చేయవచ్చు’ అన్న మాట ఒక్కటే చాలదు. మరలతో బిగించిన ఉక్కు రేకును విప్పి తీయవచ్చు. ఇన్సులేషన్‌కు (వేడిని అడ్డుకునే పొరకు) జిగురుతో అంటించిన పై పొరను విడదీయడం కష్టం. బిగింపు పద్ధతిని తప్పక రాసుకోండి.

• ఇన్సులేషన్ తడిసిందేమో కూడా చూడండి.