తడిసిన ల్యాప్‌టాప్: చేయించాలా, వదిలేయాలా?

చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో నా రిపేరు బల్ల దగ్గరికి తడిసిన ల్యాప్‌టాప్ వస్తే ముందు అడిగేది ఒకటే: పడింది మంచినీళ్లా, ఫిల్టర్ కాఫీయా? కాఫీ అయితే పాలు, చక్కెర లోపలి ప్రధాన సర్క్యూట్ బోర్డుకు, అంటే మదర్‌బోర్డుకు, అంటుకుని తుప్పు పట్టిస్తాయి. ఆన్ అవుతుందేమోనని బటన్ నొక్కకండి, చార్జర్ పెట్టకండి. బియ్యం డబ్బాలో దాచడం శుద్ధ దండగ, బియ్యం అన్నానికే!

మూత విప్పించి, బ్యాటరీ తీయించి, బోర్డును త్వరగా ఆరిపోయే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రం చేయించాకే ఖర్చు అడగండి. కీబోర్డు, బ్యాటరీ వరకే పోతే చేయించుకోండి. మదర్‌బోర్డే మార్చాలంటే, అదే మోడల్ సెకండ్ హ్యాండ్‌లో ఎంతో కనుక్కోండి. ఖర్చు అందులో సగం దాటితే నేనైతే వద్దనే చెబుతాను. ఒక్క మినహాయింపు: కొన్ని మోడళ్లలో ఫైళ్లు దాచే ఎస్‌ఎస్‌డీ విడిగా ఊడదీయలేకుండా బోర్డుకే సోల్డర్ చేసి ఉంటుంది. బ్యాకప్ లేకపోతే, ఫైళ్ల కోసమైనా ఆ బోర్డును బతికించాలి.