జనంలో జబ్బును ఎలా కొలుస్తారు? నేర్చుకోవాలంటే ముందు హారం పట్టుకోండి

ఎపిడెమియాలజీ, అంటే జనంలో జబ్బుల తీరును లెక్కగట్టే శాస్త్రం, దాని పుస్తకం తెరవగానే ఫార్ములాలు చూసి టెన్షన్ పడేవాళ్లే ఎక్కువ. నిజానికి మొదటి మెట్టులో భాగహారం కంటే పెద్ద లెక్కేమీ ఉండదు, కష్టమంతా దేన్ని దేంతో భాగించాలి అన్నదగ్గరే. దేంతో భాగిస్తామో అదే హారం. "500 మందికి జబ్బు వచ్చింది" అని ఎక్కడైనా కనిపిస్తే వెంటనే అడగండి: ఎంతమందిలో? ఎన్నాళ్లలో? ఈ రెండూ తెలియకపోతే ఆ 500ను దేనితోనూ పోల్చలేం.

ఇప్పుడు కాగితం తీసుకుని ఒక ఉత్తుత్తి ఊరు రాసుకోండి. జనాభా 1,000. ఏడాది మొదటి రోజుకే 50 మందికి షుగర్ ఉంది, ఏడాది తిరిగేలోపు ఇంకో 19 మందికి కొత్తగా వచ్చింది. మొదటి రోజుకే జబ్బు ఉన్నవాళ్ల లెక్క ప్రెవలెన్స్: 1,000లో 50, అంటే 5 శాతం. కొత్తవాళ్ల లెక్క ఇన్సిడెన్స్. దీన్ని కూడా 1,000తోనే భాగించబోయారా? చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. అప్పటికే షుగర్ ఉన్నవాళ్లకు మళ్లీ కొత్తగా రాదు కదా, కాబట్టి హారం 950, జవాబు 2 శాతం.

ఈ తేడా ఒంటబట్టాలంటే హెచ్ఐవీ సంగతి చూడండి. మందులు వచ్చాక రోగులు ఎక్కువ కాలం బతుకుతున్నారు, అందువల్ల కొత్త కేసులు పెరగకపోయినా ప్రెవలెన్స్ పెరగొచ్చు. అది చూసి మందు పనిచేయలేదని తేల్చేస్తే పప్పులో కాలేసినట్టే.

మీరు గమనిస్తున్నవాళ్లలో మధ్యలో వెళ్లిపోయేవాళ్లుంటే హారంలో మనుషులకు బదులు మనిషి-సంవత్సరాలు లెక్కేయండి, అంటే ఒక్కొక్కరిని ఎన్నేళ్లు గమనించారో ఆ మొత్తం. ఆరుగురిని రెండేళ్లు, నలుగురిని ఆర్నెల్లు గమనిస్తే 12, 2 కలిపి 14. అంతే.

తర్వాత పోలిక. దీనికి 1854 నాటి లండన్ కలరా లెక్కను మించిన అభ్యాసం నాకు కనబడలేదు. కలరా నీళ్ల ద్వారా వస్తోందని అనుమానించిన జాన్ స్నో అనే డాక్టరు ఏ ఇంటికి ఏ కంపెనీ నీళ్లు వస్తున్నాయో వాకబు చేశాడు. సౌత్‌వార్క్ అండ్ వాక్స్‌హాల్ కంపెనీ మురుగు కలిసే చోట థేమ్స్ నీళ్లు తోడేది, లాంబెత్ కంపెనీ అప్పటికే నదికి ఎగువకు మారిపోయింది. మొదటిదాని 40,046 ఇళ్లలో 1,263 మంది చనిపోయారు, రెండోదాని 26,107 ఇళ్లలో 98 మంది. పదివేల ఇళ్లకు ఎంతమందో మీరే వేయండి: సుమారు 315, 37.5 వస్తాయి, ఒకదాన్ని ఇంకోదాంతో భాగిస్తే ఎనిమిది రెట్లు పైనే. అదే రిలేటివ్ రిస్క్. గమనించారా, ఇక్కడ హారం మనుషులు కాదు, ఇళ్లు!

మరణాల దగ్గర ఇంకో తిరకాసుంది. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు, అయినా మొత్తం జనాభాతో భాగిస్తే ఆ మరణాల రేటు చాలా చిన్నది. జబ్బు వచ్చినవాళ్లలో ఎంతమంది పోతారన్న లెక్కకు హారం రోగులు, మరణాల రేటుకు ఊరంతా. ఇక రెండు ప్రాంతాల మరణాల రేట్లు పోల్చే ముందు వయసులు చూడండి, ముసలివాళ్లు ఎక్కువున్నచోట చావులు ఎక్కువే ఉంటాయి.

ఇవి చేతికి వచ్చాక ఏదైనా పరిశోధన పత్రం తీసి, ఫలితాల భాగం మూసిపెట్టి, పద్ధతుల భాగం మాత్రం చదివి హారం ఏమిటో ఒక్క వాక్యంలో రాయండి. రాయలేకపోతే ఫలితాలు ఇప్పుడే తెరవకండి.