తుఫాను రోజు విమానం పంపాలా వద్దా: రిస్క్ షీటు రాసే పద్ధతి

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను తీరం దాటింది బాపట్ల దగ్గర. అంతకు ముందురోజే మూతపడింది మాత్రం మద్రాసు విమానాశ్రయం. నెల్లూరు తీరాన్ని ఆనుకుని తుఫాను ఉత్తరంగా పాకుతుండగానే అక్కడ నీళ్ళు నిలిచాయి. అందుకే డిస్పాచ్ టేబుల్ మీద, అంటే విమానం బయల్దేరకముందే దారి, ఇంధనం, వాతావరణం లెక్కచూసే చోట, తుఫాను కన్ను ఎక్కడుందో చూసుకుంటే చాలదు. విమానం దిగే గంటలో ఆ రన్‌వే మీదా, ఆల్టర్నేట్ (గమ్యంలో దిగలేకపోతే వెళ్ళే మరో విమానాశ్రయం) మీదా ఏముంటుందో చూసి రిస్క్ షీటులో రాయాలి. ఏం తప్పిపోవచ్చు, ఎంత ప్రమాదం, దానికి ఏం చేస్తాం అని గడులుగా రాసే కాగితమే రిస్క్ షీటు. నెల్లూరు, ఒంగోలు నుంచి మద్రాసుకో రేణిగుంటకో గన్నవరానికో ఆపరేషన్స్ ఉద్యోగాలకి పోతున్నవాళ్ళు అక్టోబరు రాకముందే చేతికి అలవాటు చేసుకోవాల్సిన పని ఇది.

షీటులో మొదటి గడి హజార్డ్, అంటే ప్రమాదానికి దారితీసే పరిస్థితి. ఎక్కువమంది తప్పు రాసేది ఇక్కడే. "తుఫాను" అని రాస్తారు, లేకపోతే "విమానం రన్‌వే దాటిపోవడం" అని రాస్తారు. మొదటిది మరీ పెద్ద మాట, రెండోది పర్యవసానం. రొయ్యల గుంట తెలిసినవాళ్ళకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. కరెంటు పోతే జనరేటర్ అందుకోకపోవడం హజార్డ్, ఏరేటర్లు ఆగి ఆక్సిజన్ పడిపోవడం సంఘటన, తెల్లారేసరికి రొయ్య తేలడం పర్యవసానం. హజార్డ్ గడిలో జనరేటర్ సంగతి రాస్తేనే చేయగలిగిన పని కనబడుతుంది. తుఫాను రోజుకి అలాంటి వాక్యాలు: రన్‌వే మీద నీళ్ళు నిలవడం, దిక్కు మారే క్రాస్‌విండ్ (రన్‌వేకి అడ్డంగా వీచే గాలి), గమ్యమూ ఆల్టర్నేటూ ఒకే వాన కిందికి రావడం, ఆప్రాన్ (విమానాలు నిలిపే చోటు) మీద కట్టెయ్యని ట్రాలీలు.

తర్వాత అంకెలు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో మాన్యువల్ 9859లోని నమూనా పట్టికలో సంభావ్యతకి 5 నుంచి 1, తీవ్రతకి ఎ నుంచి ఇ. 5 అంటే తరచూ జరిగేది, ఎ అంటే విమానం, ప్రాణాలు పోయేది. 5ఎ, 5బి, 5సి, 4ఎ, 4బి, 3ఎ ఎర్రగడులు. వాటిలో పడితే ఉన్నదున్నట్టుగా ఆ ఫ్లైటు నడపకూడదు. మీ కంపెనీ పట్టికలో రంగుల హద్దులు వేరుగా ఉంటే దాన్నే పాటించండి.

ఒక గడి పూర్తిగా నింపి చూద్దాం. హైదరాబాదు నుంచి మద్రాసుకి ఎ320, సాయంత్రం. ఆల్టర్నేట్‌గా తిరుపతి పెట్టారు. దగ్గర, ఇంధనం కలిసొస్తుంది. కానీ రెండు విమానాశ్రయాల మధ్య గాలిదూరం సుమారు 100 కిలోమీటర్లే. నెల్లూరు తీరంలో తుఫాను ఉన్నప్పుడు రెండూ ఒకే వాన కింద తడిసే అవకాశం ఎక్కువ. రెండు చోట్లా దిగే వీల్లేకపోతే ఫైనల్ రిజర్వు, అంటే ముట్టుకోకుండా మిగలాల్సిన చివరి ఇంధనం, కరిగిపోతుంది. తీవ్రత బి. ఆ రోజుకి సంభావ్యత 4. 4బి, ఎర్రగడి.

ఇప్పుడు కంట్రోళ్ళు, అంటే ఆ ప్రమాదాన్ని తగ్గించే పనులు. ఆల్టర్నేట్‌ని సుమారు 270 కిలోమీటర్ల దూరంలో ఉన్న బెంగళూరుకి మార్చండి. అయితే ఆ సాయంత్రం అందరూ బెంగళూరే రాస్తారు కాబట్టి పార్కింగు దొరుకుతుందో లేదో బయల్దేరకముందే ఫోన్ చేసి కనుక్కోండి. హోల్డింగ్‌కి (దిగే వంతు కోసం గాల్లో చుట్లు కొట్టడానికి) అదనపు ఇంధనం వేయండి. మరీ ముఖ్యంగా తిరుగు అంకె ముందే రాసుకోండి: బెంగళూరుకి పట్టే ఇంధనం, దానికి తోడు 1,500 అడుగుల ఎత్తులో 30 నిమిషాల ఫైనల్ రిజర్వు, పైన కొంత వెసులుబాటు. ట్యాంకులో ఆ అంకె కనబడగానే మద్రాసు ఆశ వదిలి తిరగాలి. "ఇంకో ఐదు నిమిషాలు చూద్దాం" అన్న మాట పుట్టకుండా ఉండాలంటే అంకె కాగితం మీద ఉండాలి. ఇవన్నీ చేశాక సంభావ్యత 2కి దిగుతుంది, 2బి. తీవ్రత మాత్రం బి దగ్గరే ఉంటుంది, ఎందుకంటే ఇంధనం అయిపోవస్తే జరిగే నష్టం ఏమీ మారలేదు. రెండు అంకెలూ ఒకేసారి తగ్గించేసిన షీటు చేతికొస్తే అనుమానించండి.

ఇక కంట్రోలే కొత్త హజార్డ్ తెస్తుంది. అదనపు ఇంధనం అంటే బరువు, బరువంటే ఆగడానికి ఎక్కువ దూరం. పొడి రన్‌వేకి లెక్కగట్టిన దూరాన్ని 1.67తో, తడిసిన రన్‌వేకి ఆపైన మరో 1.15తో హెచ్చిస్తారు. అంటే 1,000 మీటర్లు 1,920 మీటర్లవుతాయి. రన్‌వే ఎంత జారుడుగా ఉందో అంకెలో చెప్పే రన్‌వే కండిషన్ కోడ్ కూడా చూడండి. ఊరికే తడిగా ఉంటే 5. నీళ్ళు 3 మిల్లీమీటర్లు దాటి నిలిస్తే ఒక్కసారిగా 2కి పడిపోతుంది. పది నిమిషాల జోరువానకి కోడ్ మారిపోతుంది కాబట్టి బయల్దేరేటప్పుడు తీసుకున్న అంకెతో దిగకూడదు.

"పైలట్లు అప్రమత్తంగా ఉండాలి" అని కంట్రోల్ గడిలో రాసేవాళ్ళున్నారు. అది కంట్రోల్ కాదు, శుభాకాంక్ష. ఎవరు, ఎప్పుడు, ఏ అంకె దగ్గర, ఏం చేస్తారు అన్నవి ఉంటేనే గడి నిండినట్టు. ఉదాహరణకి: మేఘాల్లో 1,000 అడుగుల దగ్గర అప్రోచ్ (దిగడానికి రన్‌వే వైపు వచ్చే తీరు) స్థిరంగా లేకపోతే గో-అరౌండ్ (దిగడం మాని మళ్ళీ పైకి లేవడం), రెండు గో-అరౌండ్‌ల తర్వాత వాతావరణం మెరుగైందన్న రిపోర్టు లేకుండా మూడో ప్రయత్నం లేదు. గో-అరౌండ్ చేసినందుకు సంజాయిషీ అడిగే కంపెనీలో ఈ గడి ఎంత బాగా రాసినా ఫలితం ఉండదు.

రేడియో మాటల తేడా డిస్పాచర్‌కీ తెలియాలి. "మినిమమ్ ఫ్యూయల్" అంటే ఇక ఆలస్యం తట్టుకోలేమని చెప్పడం, ప్రాధాన్యం అడగడం కాదు. దిగేసరికి ఫైనల్ రిజర్వు కంటే తక్కువ మిగులుతుందని లెక్క తేలితే "మేడే ఫ్యూయల్" అనే అనాలి.

కొరిశపాడు దగ్గర హైవే మీద అత్యవసర రన్‌వే ఉంది కదా, అక్కడ దిగొచ్చు కదా అని మనవైపు అడుగుతుంటారు. అది వాయుసేన అవసరాలకి. మామూలు రోజుల్లో దాని మీద లారీలు తిరుగుతుంటాయి. ఫ్లైట్ ప్లాన్‌లో ఆల్టర్నేట్‌గా రాయడానికి పనికిరాదు.

నేలమీద పని తక్కువేం కాదు గానీ సూటిగా ఉంటుంది. గాలి పెరగకముందే నిచ్చెనలు, ట్రాలీలు, కోన్లు లోపలికి చేర్చి బ్రేకులు వేయాలి. మెరుపు హెచ్చరిక రాగానే ఇంధనం నింపడం ఆపి మనుషుల్ని భవనంలోకి పంపాలి. వాన తప్పించుకోవడానికి రెక్క కింద నిలబడతారు, అది ఆసరా కాదు, పిడుగు పడేది విమానం మీదే.

వాన వెలిశాక షీటు మూసెయ్యకండి. ఎన్ని గో-అరౌండ్‌లు, తిరుగు అంకె దాటి ఎవరైనా హోల్డింగ్‌లో ఉన్నారా, బెంగళూరులో ఎంతసేపు పార్కింగు కోసం తిరిగారు అన్నవి ఫ్లైట్ డేటాతో సరిచూసి, 4 అని వేసిన సంభావ్యత నిజంగా 4యేనా అని తేల్చి, దిద్దిన షీటుని తర్వాతి వాయుగుండానికి అందుబాటులో పెట్టండి.