పోర్చుగల్ తీరంలో కాన్ఫరెన్స్ ఉందా? కష్కైష్ ప్రయాణానికి ఇలా సిద్ధం కండి

పేపర్ యాక్సెప్ట్ అయిందన్న మెయిల్ రాగానే చాలామంది స్లైడ్ల పని మొదలుపెడతారు. నా మాట విని స్లైడ్లు పక్కన పెట్టి ముందు పాస్‌పోర్ట్ బయటికి తీయండి. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో బయల్దేరేవాళ్లకి ఈ ప్రయాణంలో కష్టమైన భాగమంతా ఇక్కడే ఉంటుంది. అక్కడ దిగాక ఊరు మీకు ఏ ఇబ్బందీ పెట్టదు.

ఊరి సంగతి ముందు చెప్తాను. కష్కైష్ లిస్బన్‌కి పడమరగా సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, అట్లాంటిక్ ఒడ్డున ఉంది. ఒకప్పుడది చేపలు పట్టేవాళ్ల ఊరు. 1870లో రాజు లూయీష్ ఇక్కడి కోటను వేసవి విడిదిగా చేసుకున్నాక పెద్దవాళ్ల రాకపోకలు మొదలయ్యాయి. పక్కనే ఉన్న ఎష్టొరిల్‌లో పెద్ద కాంగ్రెస్ సెంటర్ ఉంది, లిస్బన్ వైపు ఇంకొంచెం ఇటు కర్కవెలూష్‌లో యూనివర్సిటీ క్యాంపస్ ఉంది. మీ సదస్సు ఈ మూడింట్లో ఎక్కడ జరిగినా వెళ్లేది ఒకటే రైలు మార్గం.

మొదటి పని: వీసా

కావలసింది షెంగెన్ వీసా, అంటే పోర్చుగల్, జర్మనీ సహా యూరప్‌లోని చాలా దేశాలకి కలిపి చెల్లే ఒకే వీసా. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయవచ్చు, 15 రోజుల ముందు గడువు ముగుస్తుంది. ఆ 15 రోజుల లెక్కను నమ్ముకోవద్దు. ఎండాకాలంలో అపాయింట్‌మెంట్ దొరకడమే గగనం. రెండున్నర, మూడు నెలల ముందే స్లాట్ పట్టుకోండి. పెద్దవాళ్లకి ఫీజు 90 యూరోలు, వీసా సెంటర్ సర్వీస్ చార్జీ దానికి అదనం. ట్రావెల్ ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకి ఉండాలి. పాస్‌పోర్ట్ పదేళ్ల లోపు ఇచ్చినదై, మీరు తిరిగొచ్చే తేదీ తర్వాత ఇంకో మూడు నెలలైనా చెల్లాలి, రెండు పేజీలు ఖాళీగా ఉండాలి.

ఫైల్లో పెట్టాల్సినవి: నిర్వాహకుల ఆహ్వాన పత్రం, రిజిస్ట్రేషన్ కట్టిన రసీదు, మీ సంస్థ ఇచ్చే ఎన్‌ఓసీ, సెలవు ఉత్తర్వు, బ్యాంకు స్టేట్‌మెంట్, ఐటీ రిటర్నులు, హోటల్ బుకింగ్, రానుపోను టికెట్లు. ఖర్చు ఎవరు భరిస్తున్నారో ఆహ్వాన పత్రంలోగానీ ఎన్‌ఓసీలోగానీ స్పష్టంగా రాసి ఉండాలి. చాలామంది ఫైళ్లలో లోపించేది ఈ ఒక్క వాక్యమే.

తెలుగువాళ్లు ప్రత్యేకంగా చూసుకోవాల్సింది ఇంకోటి ఉంది, ఇంటిపేరు. మన పేపర్ల మీద ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్ట్‌లోనేమో పూర్తిగా ఉంటుంది. నిర్వాహకులు పేపర్ మీది పేరు చూసి ఉత్తరం రాసేస్తారు. నాకు అలాగే వచ్చింది. సరిచేసిన ఉత్తరం చేతికొచ్చేసరికి తొమ్మిది రోజులు పట్టింది, ఆ తొమ్మిది రోజులూ నిద్ర లేదు. రిజిస్ట్రేషన్ ఫారంలోనే పాస్‌పోర్ట్‌లో ఉన్నది ఉన్నట్టు రాయండి.

రెండో పని: టికెట్

హైదరాబాద్ నుంచి లిస్బన్‌కి నేరుగా విమానం లేదు. దుబాయ్ మీదుగా వెళ్తే ఇమిగ్రేషన్ లిస్బన్‌లో జరుగుతుంది, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా వెళ్తే అక్కడే అయిపోతుంది. రెండో దారిలో వెళ్లేవాళ్లు మధ్యలో కనీసం రెండున్నర గంటలైనా ఉండేలా టికెట్ తీసుకోండి. 2025 అక్టోబర్‌లో యూరప్ సరిహద్దుల్లో వేలిముద్రలు, ఫొటో తీసుకునే కొత్త పద్ధతి మొదలైంది, మొదటిసారి వెళ్లేవాళ్లకి క్యూలో ఎక్కువ సేపు పడుతుంది. ఆహ్వాన పత్రం, హోటల్ కాగితం, ఇన్సూరెన్స్ ప్రింట్ తీసి చేతి సంచీలో పెట్టుకోండి. ఆఫీసర్ అడిగినప్పుడు ఫోన్‌లో వెతుక్కోవడం వద్దు.

మూడో పని: పెట్టె సర్దడం

అమ్మ ఎంత బతిమాలినా నెయ్యి, పాలకోవా, మటన్ పచ్చడి పెట్టుకోవద్దు. యూరప్ బయటి నుంచి వచ్చే ప్రయాణికులు మాంసం, పాల పదార్థాలు తీసుకురాకూడదని చట్టం ఉంది. పచ్చి కరివేపాకు, మామిడిపండ్లు కూడా వద్దు. ఆవకాయ, కందిపొడి, అటుకులు ఫరవాలేదు. పచ్చడిని మాత్రం గట్టిగా మూత బిగించి చెక్-ఇన్ సామానులో పెట్టండి.

మన మూడు గుండ్రటి పుల్లల ప్లగ్ అక్కడ పట్టదు, రెండు పుల్లల యూరప్ అడాప్టర్ కావాలి. కరెంటు మాత్రం మనలాగే 230 వోల్టులు, కాబట్టి ల్యాప్‌టాప్‌కి భయం లేదు. జులైలో వెళ్తున్నా గాలి ఆపే పల్చటి జాకెట్ ఒకటి ఉండాలి. వేసవి మధ్యాహ్నాల్లో ఉత్తరం నుంచి వీచే గాలిని అక్కడివాళ్లు నొర్తాద అంటారు. ఎండలో హాయిగా ఉన్న మనిషి నీడలోకి రాగానే వణుకుతాడు.

చెప్పుల గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. కష్కైష్ కాలిబాటలన్నీ చిన్న చిన్న సున్నపురాయి ముక్కలు చేత్తో పేర్చినవి. ఒక్కో ముక్కా పిడికిలంత ఉంటుంది. తెల్ల రాళ్ల మధ్య నల్ల రాళ్లు పొదిగి అలల ముగ్గు వేసినట్టు ఉంటుంది. టౌన్ హాల్ ముందున్న చౌకులో నిలబడి కిందికి చూస్తే నేల కదులుతున్నట్టే అనిపిస్తుంది. ఏళ్ల తరబడి నడిచి నడిచి ఆ రాళ్లు అద్దంలా నునుపెక్కాయి. చినుకు పడితే తోలు అడుగు బూట్లు నిలవవు. ప్రెజెంటేషన్‌కి వేసుకునే బూట్లు సంచీలో పెట్టుకుని, రబ్బరు అడుగున్నవి తొడుక్కుని నడవండి.

నాలుగో పని: ఎయిర్‌పోర్ట్ నుంచి ఊరికి

ఎయిర్‌పోర్ట్‌లోనే మెట్రో స్టేషన్ ఉంది. మెషిన్ దగ్గర నవెగాంత్ కార్డు కొనండి, ఖరీదు అర యూరో. మనిషికో కార్డు ఉండాలి, ఇద్దరికి ఒకటి కుదరదు. అందులో జాపింగ్ అనే ఆప్షన్ నొక్కి డబ్బు వేసుకుంటే అదే కార్డు మెట్రోకీ, కష్కైష్ రైలుకీ పనిచేస్తుంది. ఎరుపు లైన్ ఎక్కి అలమేద స్టేషన్‌లో దిగండి, అక్కడ ఆకుపచ్చ లైన్‌కి మారి చివరి స్టేషన్ కైష్ దు సుద్రే దాకా వెళ్లండి. పైకి రాగానే రైల్వే స్టేషన్. గేటు దగ్గర కార్డు తాకించి లోపలికి వెళ్లండి.

కష్కైష్ ఈ లైన్లో ఆఖరి స్టేషన్ కాబట్టి దాటిపోతామన్న భయం లేదు, ప్రయాణం 40 నిమిషాలు. కర్కవెలూష్‌లోనో ఎష్టొరిల్‌లోనో దిగేవాళ్లు బోర్డు చూసి ఎక్కండి, కొన్ని ఫాస్ట్ రైళ్లు మధ్య స్టేషన్లలో ఆగవు. ఎడమ వైపు కిటికీ దగ్గర కూర్చోండి. ముందు నది, 1966లో కట్టిన ఎర్ర వంతెన, బెలేం రేవు కనిపిస్తాయి. వాస్కోడగామా 1497లో మన కాలికట్‌కి బయల్దేరింది ఆ బెలేం నుంచే. తర్వాత నది వెడల్పై సముద్రంలో కలిసిపోతుంది. పెద్ద పెట్టెలతో ఉన్నవాళ్లు, అర్ధరాత్రి దిగేవాళ్లు మాత్రం యాప్‌లో క్యాబ్ పెట్టుకోవడమే మంచిది. బయల్దేరే ముందు రోజు రైళ్ల సమ్మె ఉందేమో చూసుకోండి, సమ్మెని అక్కడ గ్రెవ్ అంటారు. మెట్రోలోనూ రైలెక్కే తొక్కిసలాటలోనూ జేబుదొంగలు ఉంటారు, పాస్‌పోర్ట్ వెనక జేబులో పెట్టుకోవద్దు.

ఐదో పని: బస

లిస్బన్‌లో హోటల్ చవకగా దొరికిందని అక్కడ ఉండిపోకండి. రోజూ రానుపోను గంటన్నర పోతుంది, సాయంత్రం అందరూ కూర్చుని మాట్లాడుకునే సమయానికి మీరు రైల్లో ఉంటారు. సదస్సుల్లో అసలు పరిచయాలు అయ్యేది అప్పుడే. కష్కైష్ స్టేషన్‌కి పది నిమిషాల నడకలో గది తీసుకోండి. ఎష్టొరిల్‌లో సదస్సు అయితే రైలు కూడా అక్కర్లేదు. సముద్రం పక్కనే పరెదావ్ అనే నడకదారి ఉంది, అరగంట, నలభై నిమిషాల్లో నడిచి వెళ్లవచ్చు. పొద్దున్నే నా ప్రసంగాన్ని ఆ దారిలో నడుస్తూ రెండుసార్లు చెప్పుకున్నాను, హోటల్ గదిలో ఎన్నిసార్లు చదివినా కుదరని ముగింపు అక్కడ కుదిరింది. హోటల్లో రాత్రికి మనిషికి ఇంత అని టూరిస్ట్ పన్ను విడిగా కట్టించుకుంటారు, బుకింగ్ ధరలో అది సాధారణంగా ఉండదు.

ఆరో పని: భోజనం

రెస్టారెంట్లో కూర్చోగానే అడగకుండానే బ్రెడ్డు, వెన్న, ఆలివ్‌లు తెచ్చి పెడతారు. దాన్ని కువేర్ అంటారు. అది ఉచితం కాదు, తింటే బిల్లులో వస్తుంది. వద్దనుకుంటే ముట్టకుండా వెనక్కి పంపేయండి. అడగనిదీ తిననిదీ బిల్లులో వేయకూడదని అక్కడ చట్టమే ఉంది. చాలా చోట్ల మధ్యాహ్నం మూడు దాటితే వంటగది మూసేస్తారు, మళ్లీ తెరిచేది రాత్రి ఏడుకే.

శాకాహారులకి కష్టమే, దాచడం ఎందుకు. కాల్దు వెర్ద్ అనే ఆకుపచ్చ సూప్‌ని చూసి ఆకుకూర అనుకుంటాం, అందులో పంది మాంసం సాసేజ్ ముక్కలు వేస్తారు. సోప ద లెగూమెష్ అంటే కూరగాయల సూప్, దానికి కూడా 'సెం కార్న్, సెం పైష్' అని చెప్పండి. మాంసం వద్దు, చేప వద్దు అని అర్థం. పస్తెల్ ద నాత అనే కస్టర్డ్ బిళ్లల్లో గుడ్డు సొన ఉంటుంది. మన సరుకులు కావాలంటే లిస్బన్‌లో మర్తీం మునీష్ మెట్రో స్టేషన్ చుట్టుపక్కల భారతీయ, బంగ్లాదేశీ దుకాణాలు ఉన్నాయి. చేప తినేవాళ్లకి మాత్రం ఈ ఊరు పండగే, జూన్‌లో బొగ్గుల మీద కాల్చిన సార్డిన్లు వదలొద్దు. కాఫీ అడిగితే చిన్న కప్పులో చిక్కటి నల్ల కాఫీ ఇస్తారు. మనకి అలవాటైన పాల కాఫీ కావాలంటే గలావ్ అనండి. కుళాయి నీళ్లు నిశ్చింతగా తాగవచ్చు.

భాష గురించి టెన్షన్ వద్దు, ఇంగ్లిష్ చాలామందికి వచ్చు. కృతజ్ఞత చెప్పేటప్పుడు మగవాళ్లు ఒబ్రిగాదు, ఆడవాళ్లు ఒబ్రిగాద అనాలి. చెవి పెట్టి వినండి, మన మాటలు కూడా కొన్ని వినిపిస్తాయి. తువ్వాలు, అల్మారా, మేస్త్రి, అనాస పండు, ఇవన్నీ పోర్చుగీసు ఓడల మీద మన తీరానికి వచ్చిన మాటలే.

ఖాళీ పూట దొరికితే

స్నానానికి ఊరి మధ్యలోని చిన్న బీచ్‌లు చాలు. నీళ్లు ఆగస్టులో కూడా చల్లగానే, 20 డిగ్రీలకి అటూ ఇటూగా ఉంటాయి. గీంషు బీచ్‌లో గాలి, అలలు జోరు, ఈత రానివాళ్లు ఒడ్డునే ఉండండి. ఎర్ర జెండా ఎగిరితే ఎవరూ దిగకూడదు. ఒక్కచోటికే వెళ్లే వీలుంటే కాబు ద రోకకి బస్సెక్కండి. యూరప్ ప్రధాన భూభాగానికి పడమటి కొస అది. సుమారు 140 మీటర్ల కొండ అంచు, దాని ముందు సముద్రం తప్ప ఏమీ ఉండదు. జూన్‌లో తొమ్మిది దాకా వెలుగుంటుంది కాబట్టి సెషన్లు అయ్యాక కూడా వెళ్లిరావచ్చు, చివరి బస్సు టైం మాత్రం ముందే చూసుకోండి.

డబ్బు, బిల్లులు

ఫారెక్స్ కార్డు దాదాపు అన్నిచోట్లా చెల్లుతుంది. మెషిన్ మీద రూపాయల్లోనా యూరోల్లోనా అని అడిగితే యూరోలే నొక్కండి, రూపాయలంటే మారకం రేటు దెబ్బతింటుంది. యాభై, అరవై యూరోలు నోట్లుగా కూడా ఉంచుకోండి. 2025 ఏప్రిల్ 28న పోర్చుగల్, స్పెయిన్ అంతటా కరెంటు పోయినప్పుడు కార్డులు పనిచేయక నోట్లున్నవాళ్లే నీళ్లూ బ్రెడ్డూ కొనుక్కోగలిగారు. ఎమర్జెన్సీ నంబరు 112.

కౌంటర్ దగ్గర 'కొంత్రిబుయింత్?' అని అడుగుతారు. అది అక్కడివాళ్ల పన్ను నంబరు, లేదని తల ఊపితే చాలు. కానీ బిల్లు మాత్రం అడిగి తీసుకోండి. ఆ కాగితాల మీద అచ్చు త్వరగా వెలిసిపోతుంది, అందుకని ప్రతి రాత్రీ ఫొటో తీసి పెట్టుకోండి. బోర్డింగ్ పాసులు రెండు వైపులవీ, మధ్య విమానాలవి కూడా, ఒక కవర్లో వేసి ఉంచండి. తిరిగొచ్చాక టీఏ బిల్లు పెట్టేటప్పుడు అకౌంట్స్ సెక్షన్‌లో మొదట అడిగేది ఆ కవరే.