ఫిషింగ్ రీల్ సర్వీసింగ్: ఎక్కడ గ్రీజు పెట్టాలి, ఎక్కడ ఆయిల్ వేయాలి?

మైపాడు, కొత్తపట్నం, పాకల బీచ్‌ల్లో గాలం వేసేవాళ్ల రీళ్లు ఎక్కువగా పాడయ్యేది చేప బరువుకి కాదు, ఉప్పుకి. పెద్ద పార చేప లాగినా తట్టుకున్న రీల్, ఉప్పు నీళ్లు లోపలికి దిగి నాలుగు నెలలు మూల పడి ఉంటే హ్యాండిల్ తిప్పనివ్వదు. దీనికి విరుగుడు పెద్ద ఖర్చుతో కూడింది కాదు. సరైన గ్రీజు, సరైన ఆయిల్, ఏది ఎక్కడ ఉండాలో అక్కడ ఉంటే చాలు. కానీ "రీల్‌కి ఏ గ్రీజైతే ఏముందిలే అన్నా" అనుకుని మెకానిక్ షెడ్డులో డబ్బాలోకి వేలు పెడితే మాత్రం బాగున్న రీల్ కూడా బరువెక్కుతుంది.

మన దగ్గర ఎక్కువమంది వాడేది స్పిన్నింగ్ రీల్ (కర్ర కింద ఉండి, విసిరేటప్పుడు లైను చుట్టిన స్పూల్ తిరగని రకం) కాబట్టి దాని గురించే చెబుతున్నాను. బెయిట్‌కాస్టర్‌కి (కర్ర పైన ఉండి, విసిరేటప్పుడు స్పూలే తిరిగే రకం) తేడా వచ్చే చోట విడిగా చెబుతాను.

మీరు గాలం వేసేది ఎక్కడ?

గ్రీజు కొనేముందు ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకోండి. సోమశిల, కండలేరు, గుండ్లకమ్మ రిజర్వాయర్ల దగ్గర కొరమీను కోసం వెళ్లేవాళ్లకు మంచినీళ్లతోనే పని. ఏడాదికి ఒకసారి విప్పి శుభ్రం చేసుకుంటే సరిపోతుంది. సముద్రం, పెన్న కలిసే చోటు, కృష్ణపట్నం వైపు ఉప్పు కయ్యలు, బకింగ్‌హామ్ కాలువ అయితే లెక్క వేరు. వారం వారం వెళ్లేవాళ్లు మూడు నాలుగు నెలలకోసారి విప్పాల్సిందే. రీల్ నీళ్లలో మునిగినా, ఇసుకలో పడినా ఆ గడువు కోసం ఆగకండి, ఆ వారమే విప్పండి.

రెండోది ఎండ. నెల్లూరు, ఒంగోలు ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటడం మనకు మామూలే. కారు డిక్కీలో పడేసిన రీల్ లోపల వేడి ఇంకా ఎక్కువ ఉంటుంది. చలి దేశాలవాళ్లు పలచటి గ్రీజు వాడమని చెప్పడానికి కారణం, అక్కడ చలికాలంలో గ్రీజు గట్టిపడి రీల్ తిరగకపోవడం. మనకు ఆ బాధ లేదు. ఇక్కడ పలచటి గ్రీజు వేడికి కరిగి జారిపోతుంది, జారి రాకూడని చోటికి చేరుతుంది. అందుకే వాళ్లు చెప్పినదానికన్నా ఒక మెట్టు చిక్కటిది ఎంచుకోవడమే మనకు మంచిదని నా అభిప్రాయం.

గ్రీజు డబ్బా మీద ఏం చూడాలి?

గ్రీజు అంటే ఆయిల్‌ని పట్టి ఉంచే ఒక ముద్ద. ఆ ముద్ద దేనితో చేశారో, అందులో ఏ ఆయిల్ ఉందో, తుప్పు పట్టకుండా ఏం కలిపారో, వీటిని బట్టే దాని పనితనం. చిక్కదనాన్ని ఎన్‌ఎల్‌జీఐ (అమెరికాలోని గ్రీజు సంస్థ) నంబరుతో చెబుతారు. 000 దాదాపు నూనెలా ఉంటుంది, 6 సబ్బు బిళ్లలా గట్టిగా ఉంటుంది. సముద్రంలో వాడే 4000 సైజు, అంతకన్నా పెద్ద రీళ్ల గేర్లకు 2 నంబరు బాగా నప్పుతుంది. 1000, 2500 సైజు చిన్న రీళ్లకు 1 గానీ 0 గానీ చాలు. ట్రాక్టర్లకు, లారీలకు కొట్టే ఏపీ3 గ్రీజు 3వ నంబరు. పెద్ద రీల్‌లో ఎలాగో నడుస్తుందేమో గానీ, చిన్న రీల్‌లో పెడితే హ్యాండిల్ తిప్పేటప్పుడు ఎవరో వెనక్కి పట్టుకున్నట్టు ఉంటుంది.

నంబరు తర్వాత చూడాల్సింది నీటిని తట్టుకునే గుణం. సోడియం సబ్బుతో చేసిన గ్రీజు నీటికి కరిగిపోతుంది, దాని జోలికి వెళ్లొద్దు. మామూలు లిథియం గ్రీజు మంచినీళ్లకు చాలు. ఉప్పు నీళ్లకు కాల్షియం సల్ఫోనేట్ గ్రీజు గానీ, మెరైన్ అని రాసి ఉన్న మంచి గ్రీజు గానీ తీసుకోండి. బోటు ఇంజన్ల సామాన్లు అమ్మే షాపుల్లో మెరైన్ గ్రీజు అడగండి. ఆన్‌లైన్‌లో అయితే పెన్ కంపెనీ రీల్ గ్రీజు, టెఫ్లాన్ కలిపిన సూపర్ లూబ్ లాంటివి కనిపిస్తాయి. సూపర్ లూబ్ ప్లాస్టిక్‌కి, రబ్బరుకి హాని చేయదు, రంగు ఉండదు కాబట్టి లోపల మురికి చేరితే ఇట్టే కనిపిస్తుంది. అలల్లో తడిసే రీల్‌కి మాత్రం మెరైన్ గ్రీజుకే నా ఓటు.

గ్రాఫైట్ కలిపిన నల్ల గ్రీజు వద్దు. ఉప్పు నీళ్లు తగిలిన చోట గ్రాఫైట్ పక్కనున్న అల్యూమినియాన్ని తినేస్తుంది. సిలికాన్ గ్రీజు రబ్బరు రింగులకు భేషుగ్గా ఉంటుంది, ఇనుము ఇనుముతో రాసుకునే గేర్లకు పనికిరాదు.

డబ్బా మీద ఎంత గొప్పగా రాసి ఉన్నా ఇంట్లో రెండు పరీక్షలు చేయండి. మొదటిది: గింజంత గ్రీజు వేళ్ల మధ్య పెట్టుకుని, రెండు చుక్కల సముద్రపు నీళ్లు వేసి నలపండి. సముద్రపు నీళ్లు లేకపోతే ఉప్పు కలిపిన నీళ్లయినా సరే. మంచి గ్రీజు నీళ్లను పక్కకు నెట్టేసి, వేలికి పట్టుకునే ఉంటుంది. నాసిరకంది కాసేపటికే పాలలా తెల్లబడి నీళ్లతో పాటు కారిపోతుంది. రెండోది: రెండు మూడు రకాల గ్రీజులు న్యూస్‌పేపర్ మీద కొంచెం కొంచెం పెట్టి ఒక రోజు ఎండలో ఉంచండి. ప్రతి ముద్ద చుట్టూ నూనె మరక పాకుతుంది. అన్నిటికన్నా వెడల్పుగా పాకినది మన ఎండకు నిలవదు.

విప్పడం, కడగడం

తెల్లటి పాత బట్ట పరచండి. విప్పిన ప్రతి భాగాన్నీ వరుసలో పెడుతూ, ఒక్కో దశలో ఫోన్‌తో ఫొటో తీసుకోండి. సన్నటి షిమ్ వాషర్లు గ్రీజుకి అంటుకుని గేరుతో పాటే వచ్చేస్తాయి, వాటిని పారేసుకుంటే గేర్ల మధ్య సందు మారిపోతుంది. బెయిల్ (లైనుని స్పూల్ మీదికి మళ్లించే తీగ) స్ప్రింగ్ ఎగిరి పడుతుంది కాబట్టి, ఆ భాగం మటుకు పెద్ద ప్లాస్టిక్ కవర్ లోపల చేతులు పెట్టి విప్పండి.

పాత గ్రీజుని తుడిచేసే ముందు ఒకసారి బట్ట మీద రాసి చూడండి. తెల్లగా, బూడిద రంగులో నురగలా ఉంటే లోపలికి నీళ్లు దిగాయి. నల్లగా ఉండి వెలుగులో సన్నగా మెరుస్తుంటే గేరు అరుగుతోంది. ఆకుపచ్చ కనిపిస్తే ఇత్తడి పినియన్‌కి (మెయిన్ గేరు తిప్పే చిన్న గేరు) చిలుము పట్టింది. గట్టిపడి మైనంలా పెచ్చులుగా ఊడితే అది ఎప్పుడో ఎండిపోయింది. ఎక్కడ నీళ్లు దిగాయో అక్కడి రబ్బరు సీలు చూడండి, గ్రీజు ఒక్కటే మారిస్తే మళ్లీ అదే కథ.

లోహపు భాగాలను కిరోసిన్‌తో గానీ, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో గానీ పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. కిరోసిన్ వాడితే సన్నటి జిడ్డు మిగిలిపోతుంది, ఆ తర్వాత గిన్నెలు తోమే లిక్విడ్ కలిపిన గోరువెచ్చని నీళ్లలో కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. పెట్రోల్ వద్దు, ఇంట్లో మంట ప్రమాదం. కార్బొరేటర్ క్లీనర్ రీల్ మీది పెయింటునీ ప్లాస్టిక్‌నీ పాడుచేస్తుంది. పాత గ్రీజు మీద కొత్తది రాసి చేతులు దులుపుకోవద్దు. రెండు రకాల గ్రీజులు కలిస్తే కొన్నిసార్లు రెండూ పలచబడి కారిపోతాయి.

డబ్ల్యూడీ-40 గురించి ఒక మాట. దాని పేరులోని డబ్ల్యూడీ అంటే వాటర్ డిస్‌ప్లేస్‌మెంట్, అది నీటిని తరిమే మందు. బిగుసుకున్న స్క్రూ వదలడానికి బాగుంటుంది. గేర్ల మీద కొడితే ఉన్న గ్రీజుని కడిగేసి తను ఆరిపోతుంది, ఆ తర్వాత గేర్లు పొడి పొడిగా రాసుకుంటాయి. అలాగే ఇంట్లో ఉన్న కొబ్బరినూనె. మొదటి రోజు నున్నగా తిప్పుతుంది, నెలలు గడిచేసరికి బంకలా మారి దుమ్ముని పట్టుకుంటుంది. బేరింగులకు చవకగా ఏదైనా కావాలంటే కుట్టు మిషన్ ఆయిల్ నయం.

ఏది ఎక్కడ పెట్టాలి

మొత్తం సర్వీసింగ్‌లో తప్పు జరిగేది ఇక్కడే. బరువు మోస్తూ నెమ్మదిగా రాసుకునే చోట గ్రీజు, వేగంగా తిరిగే చోట ఆయిల్. ఈ ఒక్క లెక్క పట్టుకుంటే చాలావరకు దారి తప్పరు.

మెయిన్ గేరు, పినియన్: పళ్ల మధ్య అంతటా పలచటి పొర ఉండేలా చిన్న పెయింటింగ్ బ్రష్‌తో రాయండి. హ్యాండిల్ రెండు మూడు చుట్లు తిప్పితే అదనంగా ఉన్నది పళ్ల అంచులకు వచ్చి ఆగుతుంది, దాన్ని తుడిచేయండి. గ్రీజు ఎంత ఎక్కువ పెడితే అంత మంచిదన్న నమ్మకం చాలామందికి ఉంది. అదనంగా పెట్టిన ప్రతి ముద్దా ఎండకు మెత్తబడి క్లచ్ వైపు పాకుతుంది.

వన్-వే క్లచ్: హ్యాండిల్ వెనక్కి తిరగకుండా పట్టుకునేది ఇదే. లోపల సన్నటి రోలర్లు ఉంటాయి. అవి పినియన్ మీది స్లీవ్‌ని గట్టిగా పట్టుకుంటేనే పని జరుగుతుంది. గ్రీజు తగిలితే రోలర్లు జారతాయి, చేప లాగినప్పుడు హ్యాండిల్ గిర్రున వెనక్కి తిరిగి వేళ్లకు కొడుతుంది. దీనికి గ్రీజు అసలు వద్దు. అగ్గిపుల్ల కొనతో తాకించినంత పలచటి ఆయిల్ చాలు. ఇప్పటికే గ్రీజు చేరి ఉంటే రోలర్లను విడదీయకుండా క్లచ్ మొత్తాన్ని ఆల్కహాల్‌లో ముంచి తీసి, ఆరాక ఆ తాకింపు ఆయిల్ పెట్టండి.

మెయిన్ షాఫ్ట్, స్పూల్‌ని పైకీ కిందికీ ఆడించే భాగం: గేరుకి వాడిన గ్రీజే, ఇంకా పలచగా. స్పూల్ కిందకు వచ్చే షాఫ్ట్ భాగానికి రాసేటప్పుడు చేయి తేలిగ్గా ఉండాలి, ఎక్కువైతే అది డ్రాగ్ (చేప లాగినప్పుడు లైనుని బిగువుగా వదిలే బ్రేకు) వాషర్లకు చేరుతుంది.

లైన్ రోలర్ (బెయిల్ చివర లైను పోయే చిన్న చక్రం): రీల్ మొత్తంలో ముందుగా ఉప్పు తినేది ఇదే. లైను తడిసి వచ్చిన ప్రతిసారీ నీళ్లు దీని మీదుగానే పోతాయి. సర్వీసింగ్ రోజున బేరింగ్‌లో పలచటి గ్రీజు పెట్టి, సముద్రానికి వెళ్లొచ్చిన ప్రతిసారీ ఒక చుక్క ఆయిల్ వేయండి. ఇన్సులిన్ సిరంజితో అయితే ఒక్క చుక్క కచ్చితంగా పడుతుంది. లైను చుట్టేటప్పుడు కీచుమని శబ్దం వస్తోందంటే మొదట అనుమానించాల్సింది ఈ రోలర్‌నే.

మిగతా బేరింగులు: గేరుకి అటూ ఇటూ ఉండే పెద్ద బేరింగులు నెమ్మదిగా తిరుగుతాయి, సముద్రపు రీల్ అయితే వాటిలో గ్రీజు నింపడమే మేలు. హ్యాండిల్ నాబ్‌కి ఆయిల్ గానీ పలచటి గ్రీజు గానీ. బెయిట్‌కాస్టర్ స్పూల్ బేరింగులకు మాత్రం గ్రీజు పెట్టకండి. విసిరేటప్పుడు అవి విపరీతమైన వేగంతో తిరుగుతాయి, గ్రీజు పెడితే ఎర దూరం పోదు. అక్కడ పలచటి ఆయిల్ ఒక్క చుక్క. కడిగిన బేరింగ్‌ని పెన్సిల్‌కి తొడిగి వేలితో తిప్పండి. గరగరలాడితే ఏ ఆయిలూ దాన్ని బాగుచేయదు, మార్చాల్సిందే. లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం కొలిచి, ఉదాహరణకు 7×11×3 మిల్లీమీటర్లు అని, బేరింగ్ షాపులో అడగండి. స్టెయిన్‌లెస్ అని గట్టిగా చెప్పండి. మామూలు స్టీలు బేరింగ్ సముద్రపు గాలికి ఎక్కువ కాలం ఆగదు.

డ్రాగ్ వాషర్లు: వీటికి గేరు గ్రీజు వద్దు. కార్బన్ వాషర్లకు డ్రాగ్ గ్రీజు అని విడిగా దొరుకుతుంది, కాల్స్ అనే రకం దీనికి పేరున్నది. రెండు వైపులా రాసి, బట్టతో తుడిచేయగా తడి మెరుపు మాత్రం మిగలాలి. ఫెల్ట్ వాషర్లయితే గ్రీజుని కొంచెం పీల్చుకోనివ్వాలి. విప్పినప్పుడు వాషర్లు పొడిగానే ఉండి, మాన్యువల్ కూడా పొడిగానే ఉంచమంటే అలాగే వదిలేయండి. దైవా కంపెనీ మాగ్‌సీల్డ్ రీళ్లలో సీలు దగ్గర అయస్కాంత ఆయిల్ ఉంటుంది, అక్కడ మీ ఆయిల్ వేస్తే ఆ సీలు దెబ్బతింటుంది. ఆ భాగాన్ని కంపెనీ సర్వీసుకే వదలండి.

స్క్రూలు: ప్రతి స్క్రూ మరకు పిసరంత మెరైన్ గ్రీజు రాయండి. అల్యూమినియం బాడీలో స్టీలు స్క్రూ, మధ్యలో ఉప్పు తడి ఉంటే రెండూ కరుచుకుపోతాయి. ఆ తర్వాత స్క్రూ తల అరిగిపోతుందే తప్ప ఊడి రాదు.

బిగించాక

స్క్రూలన్నీ బిగించి హ్యాండిల్ మెల్లగా తిప్పండి. ఒకే చోట ప్రతిసారీ తగులుతున్నట్టు ఉంటే షిమ్ తప్పు చోట పడింది, ఫొటోలు చూసి మళ్లీ విప్పండి. చుట్టూ ఒకే రకంగా బరువుగా ఉంటే గ్రీజు ఎక్కువైంది. హ్యాండిల్‌ని గబుక్కున వెనక్కి తిప్పి చూడండి, ఏమాత్రం జారినా క్లచ్ మళ్లీ కడగాలి. చేతికి అంటిన గ్రీజు, ఆయిల్ లైనుకి తగలనివ్వకండి.

సముద్రం నుంచి వచ్చాక రీల్ కడిగే పద్ధతి మీదే ఈ గ్రీజు ఎన్నాళ్లు నిలుస్తుందన్నది ఆధారపడి ఉంటుంది. డ్రాగ్ బిగించి, పైనుంచి మంచినీళ్లు చిలకరించండి. పైపుతో ఒత్తిడిగా కొడితే బయటున్న ఉప్పు సందుల్లోంచి లోపలికే పోతుంది. తీరం ఊళ్లలో బోరు నీళ్లే ఉప్పగా ఉంటాయి కాబట్టి, నాలుక మీద వేసుకుని చూసి ఉప్పగా ఉంటే క్యాన్ నీళ్లు వాడండి, రీల్‌కి ఒక లీటరు చాలు. తుడిచి, డ్రాగ్ వదులు చేసి, నీడలో ఆరబెట్టండి. వాషర్లు బిగుసుకుని ఉంటే మధ్యలో తడి ఆరదు.

కొత్త గ్రీజు పెట్టిన రీల్‌ని రెండు మూడుసార్లు వాడాక సైడ్ ప్లేటు ఒక్కటే తెరిచి చూడండి. పెట్టిన రంగులోనే ఉంటే మూసేయండి. అంచుల్లో తెల్లటి నురగ కనిపిస్తే నీళ్లు ఇంకా దిగుతున్నట్టే, అప్పుడు మార్చాల్సింది గ్రీజు కాదు, సీలు.